కంచరగాడిదకి క్రిస్మస్ శుభాకాంక్షలు

వాల్‌ఫ్రెషు
1971 నవంబర్ 2

అదెరీతూ,

ఇవాళ పోయినవాళ్ల పండుగ. పొద్దున్నే మీ నాన్న సమాధి కడిగి, చేమంతులు పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. ఇవాళే ఎందుకంటే, సెలవు మీద వచ్చిన కుస్తోదియు రేపు తిరిగి బయలుదేరుతున్నాడు. మీ దళంవాడే కాబట్టి దీన్ని నీ చేతికే ఇస్తాడు. తపాలాలో వచ్చే ఉత్తరాలు నీకంటే ముందు ఇంకెవరో చదువుతారు. ఇది నువ్వొక్కడివే చదువుతావు. అందుకని సూటిగా రాస్తాను. చదివాక కాల్చెయ్.

మీ తమ్ముడికి కాగితం వచ్చింది. జనవరి పదో తారీకున బెల్మీరు బ్రగాన్సాలో సైన్యానికి హాజరు కావాలి. కొన్నాళ్లు తుపాకీ పట్టడం నేర్పుతారు. ఎండాకాలానికల్లా ఓడ ఎక్కిస్తారు. ఏ ఓడో, ఏ యుద్ధానికో నీకు చెప్పక్కర్లేదు.

మన పెరటి వెనక ఏరు దాటితే స్పెయిన్. ఏరవతల ఊళ్లో నా చెల్లెలి కొడుకున్నాడు. అతను రైలెక్కిస్తే, ఆ పైన ఫ్రాన్సులో మన ఊరివాళ్లు ఉండనే ఉన్నారు, ఊళ్లో సగం మగాళ్లు అక్కడ గోడలు కడుతున్నారు. కానీ ఒకసారి దాటితే వాడు మళ్లీ ఈ గడప తొక్కలేడు. తొక్కితే జైలు. ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు.

మీ అమ్మ ససేమిరా అంటోంది. "పెద్దవాడు దేశం కోసం అక్కడుంటే చిన్నవాడు కోళ్లదొంగలా ఏరు దాటాలా? రేపు నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను అత్తయ్యా?" అని ఒకటే గొడవ. బెల్మీరు ఇంకో రకం. "అన్న అక్కడుంటే నేను పారిపోయి, రేపు వాడి కళ్లలోకి ఎలా చూస్తాను? రావద్దని వాడే చెప్పాలి. అప్పుడు చూద్దాం" అంటాడు.

నువ్వేం చెబుతున్నావు? వెళ్లి పధ్నాలుగు నెలలైంది. ప్రతి ఉత్తరంలో మూడు వాక్యాలు. నేను క్షేమం. భోజనం బాగుంది. వేడి ఎక్కువ. ముప్పై ఎనిమిదేళ్లు బడిపిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని. తనిఖీ అధికారి వచ్చిన రోజున పిల్లలు రాసేవి ఇలాగే ఉండేవి.

పోనీ నువ్వు నిజం రాసినా మీ అమ్మ నమ్మదు. ఆమెకి చదువు రాదు, చదివి వినిపించేది నేను. "అందులో ఉన్నదే చదువుతున్నారా, మీకు కావలసింది చదువుతున్నారా?" అని నన్నే అడుగుతుంది. నేను ఎటు మొగ్గుతానో ఆమెకి తెలుసు. కాబట్టి నీ నోటి మాట కావాలి.

దానికొక దారి ఉంది. క్రిస్మస్ ముందు టెలివిజన్ వాళ్లు మీ దగ్గరికి వస్తారు కదా. పోయినేడు మిల్లువాళ్ల మేనల్లుడు కనిపించాడు, అబీలియు కాఫీ కొట్టులో ఊరంతా చూసింది. ఒక్కొక్క సైనికుడూ తన పేరు చెప్పి, ఇంట్లో అందరి పేర్లూ చెప్పి, శుభాకాంక్షలు చెప్పి తప్పుకుంటాడు. ఈసారి నువ్వు ఎలాగైనా వరసలో నిలబడు. తమ్ముడు కూడా అక్కడికి రావచ్చు అనుకుంటే, అందరితోపాటు వాడి పేరూ చెప్పు. రాకూడదు అనుకుంటే అందరి పేర్లూ చెప్పి వాడిది వదిలెయ్. మీ అమ్మకీ వాడికీ ఈ సంగతి చెప్పాను. నీ నోటి వెంట ఏం వస్తే దానికి కట్టుబడతామని ఇద్దరూ ఒప్పుకున్నారు.

నా అభిప్రాయం నీకు తెలుసు. కానీ అక్కడున్నది నువ్వు, నేను కాదు.

సాసేజీలు నాలుగు, చెస్ట్‌నట్ కాయలు రెండు కిలోలు పంపుతున్నాను. దారిలో కుస్తోదియు ఎన్ని తిన్నాడో నాకు రాయి.

మీ నానమ్మ
ఎతెల్వీనా

*

గినీ, సైనిక తపాలా సంఖ్య 4178
1971 నవంబర్ 17

నానమ్మ గారికి, మీ దీవెన కోరుతూ,

నేను క్షేమం. భోజనం బాగుంది. వేడి ఎక్కువ.

కుస్తోదియు వచ్చాడు. మీరు పంపినవన్నీ అందాయి. సాసేజీలు మూడే వచ్చాయి. అడిగితే, "మీ నానమ్మకి నాలుగని రాయి, లేకపోతే సెలవుకి వెళ్లినప్పుడు నన్ను గోడకుర్చీ వేయిస్తుంది" అన్నాడు. వాడు మీ దగ్గర చదువుకున్నవాడే, భయం ఇంకా పోలేదు. చెస్ట్‌నట్లు దళంలో అందరం కాల్చుకుని తిన్నాం. లిస్బన్ కుర్రాడొకడు, "ఇవి మా ఊళ్లో వీధిలో కొనుక్కుంటాం, మీరు చెట్టు నుంచి కోసుకుంటారా?" అని ఆశ్చర్యపోయాడు.

మీరు అడిగింది అర్థమైంది. టెలివిజన్ వాళ్లు డిసెంబర్ మొదట్లో వస్తారట. వరసలో నా పేరు ఇచ్చాను. నానమ్మా, ఇక్కడ అందరూ ఒకేలా పలకరిస్తారు, నేనూ అలాగే పలకరిస్తాను. అమ్మని, మిమ్మల్ని, తమ్ముణ్ణి, ఇంట్లో ఉన్న అందరినీ. పండుగ పూట సొంతవాణ్ణి వదిలేయడం నా వల్ల కాదు. వచ్చే సెప్టెంబరులో ఇంటికొచ్చేసరికి ఇంట్లో అందరూ ఉండాలని నాకుంది. మీరు నన్ను ఇలాంటిది అడగకుండా ఉండాల్సింది. బడిలో టీచరు కుర్చీలో మీరు కూర్చుని, ఎర్ర పెన్సిలు నా చేతికిచ్చి దిద్దమంటున్నారు.

అమ్మని ఏడవద్దని చెప్పండి.

మీ మనవడు
అదెరీతు

*

వాల్‌ఫ్రెషు
1971 నవంబర్ 27

అదెరీతూ,

ముందుగా, ఈ ఉత్తరం దారిలో విప్పి చదువుతున్న అయ్యగారికి ఒక మాట. నా మనవడి పోయిన ఉత్తరం మీరు విప్పాక తిరిగి వంకరగా అతికించారు. ఒక వరస జిగురు కింద పోయింది. జిగురు పల్చగా కలిపి, అంచుకి మాత్రమే రాయాలి. ఈ పని మా బడిలో ఏడేళ్ల పిల్లలు శుభ్రంగా చేసేవాళ్లు.

ఇక నీకు. సాసేజీలు మూడని తెలిసింది. కుస్తోదియుకి చెప్పు, గోడకుర్చీ సంగతి నేను మర్చిపోను.

ఎర్ర పెన్సిలు నీ చేతికి ఇచ్చానని నిష్ఠూరమాడావు. నిజమే, ఇచ్చాను. ఎందుకంటే ఆ పాఠం చదివినవాడివి మన ఇంట్లో నువ్వొక్కడివే. నేను చదవలేదు, మీ అమ్మ చదవలేదు, పొద్దున్నే రేడియోలో ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు అసలే చదవలేదు. చదవనివాళ్లు దిద్దితే ఎలా ఉంటుందో చూస్తూనే ఉన్నాం.

ఎవరిని పలకరించాలో నేను పట్టిక పంపను. మర్యాద కోసం మాత్రం ఎవరినీ పలకరించకు. మర్యాద తప్పితే ఊరు రెండు రోజులు మాట్లాడుకుని వదిలేస్తుంది. నువ్వు సెప్టెంబరులో ఇంటికొచ్చినప్పుడు బల్ల చుట్టూ అందరూ ఉండాలని ఉందన్నావు. అందరూ ప్రాణాలతో ఉండాలని నాకుంది. ఒకే బల్ల అయితే సంతోషమే. కాకపోతే రెండు బల్లలు వేసుకుంటాం.

బెల్మీరు కుర్రాళ్ల పండుగకని రేకు ముసుగుకి రంగు వేస్తున్నాడు. ఎరుపు ఎక్కువైంది. చెప్పినా వినడు.

మీ అమ్మ రోజూ సాయంత్రం, "వాడేమన్నా రాశాడా?" అంటుంది. రాశాడు, క్షేమమట, అంటాను. "అంతేనా?" అంటుంది. అంతే అంటాను.

నానమ్మ

*

గినీ, సైనిక తపాలా సంఖ్య 4178
1971 డిసెంబర్ 9

నానమ్మ గారికి, మీ దీవెన కోరుతూ,

కుస్తోదియుకి ఇక ఏమీ చెప్పలేను. పోయిన గురువారం నుంచి వాడు లేడు. వాళ్లమ్మకి కెప్టెన్ గారు ఉత్తరం రాశారు. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇంతకంటే రాస్తే ఈ కాగితం మీదాకా రాదు. నేను వాడి పక్కనే నడుస్తున్నానని మాత్రం రాస్తాను. చివరిసారి నవ్వింది మీ గోడకుర్చీ గురించే.

టెలివిజన్ వాళ్లు సోమవారం వచ్చారు. మామిడిచెట్టు కింద తెల్లదుప్పటి కట్టారు. ఒక సార్జెంటు వరస పెట్టించాడు. చొక్కా గుండీలు పెట్టుకోండి, తల దువ్వుకోండి, నవ్వండి. ఏం చెప్పాలో అట్టముక్క మీద రాసి కెమెరా పక్కన పట్టుకున్నారు, చదువు రానివాళ్లకి ముందే బట్టీ వేయించారు. నా ముందున్నవాడు వాళ్లమ్మ పేరు దగ్గర ఆగిపోయాడు. మూడుసార్లు మళ్లీ తీశారు. మూడోసారి కూడా అక్కడే ఆగాడు. "పోనీ, పేరు లేకుండా 'అమ్మ' అను చాలు" అన్నారు. దానికి వాడు తల వంచుకుని వరసలోంచి తప్పుకున్నాడు.

నా వంతు వచ్చింది. నేను అట్టముక్క వైపు చూడలేదు. సార్జెంటు కళ్లెర్రజేశాడు గాని, రీలు వృథా అవుతుందని మళ్లీ తీయలేదు. నేను చెప్పింది చిన్నదే. ఏం చెప్పానో ఇక్కడ రాయను. అమ్మ తన చెవులతో వింటుంది.

క్రిస్మస్‌కి మన ఇళ్లలో వండే కాడ్ చేప మాకూ వస్తుందట. ఓడలో ఉందంటున్నారు. పోయినేడు కూడా ఓడలోనే ఉంది.

అదెరీతు

*

వాల్‌ఫ్రెషు
1971 డిసెంబర్ 22

అదెరీతూ,

కుస్తోదియుకి పూజ చేయించాం. శవపెట్టె ఇంకా రాలేదు. వాళ్లమ్మ దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. కెప్టెన్ రాసిన ఉత్తరం ఆమె నాకు చూపించింది. పేరు తప్ప మిగతాదంతా అచ్చువేసి ఉంది.

నిన్న రాత్రి భోజనాలకి ముందు అబీలియు కాఫీ కొట్టుకి అందరం వెళ్లాం. నీ దళం వస్తుందని రేడియోలో చెప్పారు. అబీలియు జనరేటరు పెట్టాడు. ముందు వరసలో మీ అమ్మని కూర్చోబెట్టారు. బెల్మీరు తలుపు దగ్గర నిలబడ్డాడు. సరిహద్దు కాపలా కార్పొరల్ సెరాఫిం కూడా వచ్చాడు, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని. ఇరవై మంది సైనికుల దాకా వచ్చి వెళ్లాక నువ్వు కనిపించావు. చిక్కిపోయావు. చెవులు ఇంకా పెద్దగా కనిపిస్తున్నాయి.

నువ్వు పేరు చెప్పావు. "మా అమ్మ ఫెలిస్మీనాకి" అన్నావు. మీ అమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "మా నానమ్మ ఎతెల్వీనాకి" అన్నావు. "నా జ్ఞానస్నానంలో నన్నెత్తుకున్న అబీలియు మామకి" అనగానే అబీలియు కౌంటరు మీద గట్టిగా కొట్టాడు. "పక్కింటి జుల్మీరా అత్తకి" అన్నావు. "మా కంచరగాడిద రుసాకి కూడా, క్రిస్మస్ శుభాకాంక్షలు" అన్నావు. ఆ తర్వాత ఒక క్షణం కెమెరాలోకి అలాగే చూశావు. ఇంకొకడు వచ్చాడు.

ముందు జుల్మీరా నోరు తెరిచింది. "ఒరే బెల్మీరూ! మీ అన్నకి నీకంటే గాడిదే ఎక్కువట్రా!" ఇక చూడు, కొట్టంతా గొల్లుమంది. "నీకంటే అది పని ఎక్కువ చేస్తుంది కదా మరి!" అని ఒకడు. "అది ఎదురు మాట్లాడదు!" అని ఇంకొకడు. కార్పొరల్ సెరాఫిం కళ్లు తుడుచుకుంటూ, "ఏం తగువురా మీకు? పొలమా, పిల్లా?" అని అడిగాడు. బెల్మీరు చెవుల దాకా ఎర్రబడి తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

మీ అమ్మ ఏడవలేదు. ఇంటికి వచ్చాక శాలువా తీసి మేకుకి తగిలించి, "విన్నాను" అంది. అంతే. నన్ను ఏమీ అడగలేదు.

తమ్ముణ్ణి అలా మర్చిపోవడం బాగుందా? వాడు చాలా మనసుకి తీసుకున్నాడు. ఊరంతా మీ తగువు గురించే చెప్పుకుంటోంది.

ఈ నెల ఇరవయ్యారున కుర్రాళ్ల పండుగ మామూలుగానే చేస్తున్నాం. ఈ ఏడు ముసుగు కట్టడానికి పెళ్లికాని మగపిల్లలు ఏడుగురే మిగిలారు. నువ్వు కట్టిన ఏడాది పద్దెనిమిది మంది ఉండేవారు. పక్కూళ్లో పోయినేడు తొమ్మిది ముసుగులు బయలుదేరి, చీకటి పడేసరికి ఏడే మిగిలాయట. అందుకని ఈసారి కార్పొరల్ పొద్దున గుడి దగ్గర ఒకసారి, సాయంత్రం చావడి దగ్గర ఒకసారి ముసుగులు లెక్కపెడతాడట. చాలా మంచిది. లెక్క సరిగ్గా ఉంటే ఎవరికైనా మేలే.

పండుగ రాత్రి పొయ్యి ఆర్పకుండా బల్ల అలాగే ఉంచుతాం, పోయినవాళ్లు వచ్చి తింటారని. నీ కంచం వాళ్లవాటిలో కలపను. నీది కడిగి అలమరలో పెట్టాను.

నానమ్మ

*

గినీ, సైనిక తపాలా సంఖ్య 4178
1971 డిసెంబర్ 27

నానమ్మ గారికి, మీ దీవెన కోరుతూ,

కాడ్ చేప వచ్చింది. వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే వాసన రెండు రోజుల ముందు నుంచే ఉంది. బంగాళాదుంపలు డబ్బావి. కాబేజీ లేదు. వంటవాడు ఏదో ఆకు తెచ్చి ఉడికించి, "కళ్లు మూసుకుని తింటే కాబేజీయే" అన్నాడు. కళ్లు మూసుకుని తిన్నాం. ఉడుకు నీళ్లలో నిలబడినట్టుంది వేడి. కుస్తోదియు కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. ఒక కొత్త కుర్రాడు తెలియక కూర్చుని, అందరి మొహాలూ చూసి లేచిపోయాడు.

రాత్రి పెద్ద అధికారి సందేశం లౌడ్‌స్పీకర్లో వినిపించారు. మనం ఇక్కడ ఉన్నది ఎందుకో ఆయన చెప్పాడు. మధ్యలో దూరంగా పేలుళ్లు వినిపించి కందకాల్లోకి పరిగెత్తాం. సందేశం మాత్రం ఖాళీ బల్లలకి చివరిదాకా వినిపించింది.

ఇక అసలు సంగతి. నిన్న ఇరవయ్యారు. మన వైపువాళ్లం ముగ్గురం ఉన్నాం. నేను, వినైస్ వాడొకడు, ఇంకొకడు ఔసిల్యావ్ దగ్గరివాడు. నేనన్నాను, "పండుగ ఏ దేశంలో ఉన్నామని అడగదు." బిస్కెట్ రేకు డబ్బాలు కోసి ముసుగులు చేశాం. ఇసుక బస్తాల దారాలు పీకి, మందుల పెట్టెలోని ఎర్రమందుతో రంగేసి, చొక్కాలకి కుట్టుకున్నాం. గంటలకి బదులు అన్నం గిన్నెలు, చెంచాలు నడుముకి కట్టాం. పొద్దున గుడారాల మధ్య గంతులేస్తూ, కేకలేస్తూ పరిగెత్తాం. దక్షిణాదివాళ్లు మాకు పిచ్చెక్కిందనుకున్నారు. లిస్బన్ కుర్రాడు నిజంగానే డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

తర్వాత లారీ మీదికెక్కి, ఊళ్లో బండెక్కి చదివినట్టే, ఈ ఏడాది జరిగిన తప్పుల మీద పద్యాలు చదివాను. కాడ్ చేప మీద ఒకటి. అచ్చు ఉత్తరాల మీద ఒకటి. అప్పటిదాకా కెప్టెన్ నవ్వుతూనే ఉన్నాడు. అచ్చు ఉత్తరాల పద్యానికి నవ్వడం మానేశాడు. "ముసుగు తియ్" అన్నాడు. "పండుగ పూట ఎవరూ ముసుగు తీయించకూడదు సార్, మా వైపు ఆచారం" అన్నాను. "ఇది మీ వైపు కాదు" అన్నాడు. "అదే కదా సార్ మేమూ అంటున్నది" అన్నాను.

కొత్త సంవత్సరం దాకా కాపలా బురుజు మీద శిక్ష వేశారు. బాగానే ఉంది. ఇక్కడ గాలి వస్తుంది.

ఇంట్లో పండుగ ఎలా జరిగిందో రాయండి. రాయగలిగినంత రాయండి.

అదెరీతు

*

వాల్‌ఫ్రెషు
1972 జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ

అదెరీతూ,

మిల్లువాళ్ల అలీపియు ఎల్లుండి లిస్బన్ వెళ్లి ఓడెక్కుతున్నాడు. పాపం, వాడికీ గినీలో మీ దళమే పడింది. వాడి కోటు లోపలి గుడ్డలో దీన్ని కుట్టి పంపుతున్నాను. అందుకని మళ్లీ సూటిగా రాయొచ్చు.

మీ తమ్ముడు ఏరు దాటాడు.

ఎలాగో చెబుతాను. ఇరవయ్యారు పొద్దున కార్పొరల్ సెరాఫిం గుడి మెట్ల మీద నిలబడి ముసుగుల్ని వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఏడు. బెల్మీరుది ఎర్ర రంగు ఎక్కువైన ముసుగు కాబట్టి దూరం నుంచే తెలుస్తుంది. "మన గాడిద బాబు కూడా ఉన్నాడు" అన్నాడు కార్పొరల్. నీ శుభాకాంక్షల పుణ్యమా అని ఊళ్లో వాడికి ఆ పేరు స్థిరపడింది.

మొదట నేను వేసిన పథకం వేరు. మధ్యాహ్నం పొలాల మీదుగా పరిగెత్తేటప్పుడు బెల్మీరు మిల్లులోకి దూరి వేషం తీసేయాలి, అక్కడ దాక్కున్న జుల్మీరా మనవడు దాన్ని కట్టుకోవాలి. వాడికి పదిహేనేళ్లు, ఈ ఏడు ముసుగుకి అర్హత లేదు, కాబట్టి వాణ్ణి ఎవరూ లెక్కపెట్టరు. అంతా సరిగ్గా ఉంది. పండుగ ముందురోజు సాయంత్రం వాడికి జ్వరం వచ్చింది. మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఊళ్లో ఇంకో మగపిల్లాడు లేడు. బెల్మీరు ముసుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "పోనీలే నానమ్మా, పదో తారీకున బ్రగాన్సా వెళ్తాను" అన్నాడు.

మీ అమ్మ అంట్లు తోముతోంది. చేతులు తుడుచుకుని వచ్చి, "లేచి నిలబడు" అంది వాడితో. నిలబడ్డాడు. వాడి వీపుకి వీపు ఆనించి నిలబడింది. "మీరు చూడండి అత్తయ్యా, ఎంత తేడా ఉంది?" అంది. నాలుగు వేళ్లు తక్కువ. "మడమల కింద చెక్క కట్టుకుంటాను" అంది.

"ఫెలిస్మీనా, నీకు మతిపోయిందా? ఆడది ఆ ముసుగు కట్టినట్టు ఈ ఊరు పుట్టాక లేదు" అన్నాను. నేనే అన్నాను, ఒప్పుకుంటున్నాను. "ఈ ఊరు పుట్టాక ఏడుగురే మిగిలిన ఏడాది కూడా లేదు" అంది. "మీరు పద్యాలు రాయండి. మిగతాది నేను చూసుకుంటాను."

బండి మీద చదివే పద్యాలు ఈసారి నేనే రాసిచ్చాను. గాడిదకి చెప్పిన శుభాకాంక్షల మీద ఒకటి పెట్టాను, జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల్లో ముసుగులు పొలాల వైపు పరిగెత్తాయి. మీ అమ్మ పొద్దుటి నుంచే మిల్లులో ఉంది, జొన్నలు విసరడానికని. మిల్లులోకి ఒక ఎర్ర ముసుగు వెళ్లింది, ఒక ఎర్ర ముసుగు బయటికొచ్చింది. మీ తమ్ముడు గొర్రెలకాపరి కంబళి కప్పుకుని, పట్టపగలు, నడుములోతు నీళ్లలో నడుచుకుంటూ ఏరు దాటాడు. అవతల నా చెల్లెలి కొడుకు మేకల్ని తోలుకుంటూ నిలబడ్డాడు. నేను మన పెరట్లో కాబేజీలు కోస్తున్నాను. ఒక్కసారి వెనక్కి చూశాడు. నేను కత్తి పైకెత్తాను. తల ఊపి వెళ్లిపోయాడు.

ఇక మీ అమ్మ. అదెరీతూ, నువ్వు చూసి ఉండాల్సింది. నడుముకి ఆ గంటల బరువు, చెక్క మడమలు, నలభై ఆరేళ్ల వయసు. పదిహేను నెలలుగా నా వంటింట్లో ఏడుస్తున్న మనిషి ఆ వీధి నిండా గంతులేసింది, ముసుగు కుర్రాళ్లు చేసే ఆగడాలన్నీ చేసింది. పెళ్లికాని ఆడపిల్లల్ని తరిమింది. జుల్మీరా ఇంట్లో దూరి దూలానికున్న సాసేజీ దండ లాక్కుపోయింది. గాలి ఊదిన పంది మూత్రపు తిత్తితో ఫాదరుగారి వీపు మీద కూడా ఒకటి వేసింది. అది మాత్రం అవసరం లేదని నా ఉద్దేశం.

సాయంత్రం చావడి దగ్గర కార్పొరల్ మళ్లీ లెక్కపెట్టాడు. ఏడు. అంతటితో పోతే బాగుండేది. ఎర్ర ముసుగు ముందు ఆగాడు. కింది నుంచి పై దాకా చూశాడు. "ఏమిట్రా, పొద్దుటికీ ఇప్పటికీ కుదించుకుపోయావు?" అన్నాడు. మిగతా ఆరుగురి గంటలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. కార్పొరల్ ముసుగు అంచు మీద చెయ్యి వేశాడు.

వాడి చెయ్యి తీయించడానికి నేను అప్పటికే ముందుకు నడిచాను. వాడు మూడో తరగతి నా దగ్గరే చదివాడు, వాడికి చెప్పవలసిన మాటలు నా నోటి చివర ఉన్నాయి. నన్ను నోరు తెరవనివ్వలేదు మీ అమ్మ. కార్పొరల్ మొహంలో మొహం పెట్టి ఓండ్ర పెట్టింది.

మామూలు ఓండ్ర కాదు. రుసా ఆకలికి పెట్టే ఓండ్ర. మొదట సన్నగా ఈల, తర్వాత ఆ గొంతు చీలే అరుపు. పెరట్లోంచి రుసా కూడా బదులిచ్చింది. చావడి విరగబడి నవ్వింది. జుల్మీరా నేల మీద కూలబడింది. "కార్పొరల్‌గారూ, వాళ్లన్నయ్య దాన్నే పలకరించాడు, మీరూ పలకరించండి!" అని ఎవరో అరిచారు. కార్పొరల్ కూడా ఆపుకోలేక నవ్వేసి చెయ్యి తీసేశాడు. "పో, పోరా గాడిదా" అని వీపు మీద చరిచాడు. ఆ దెబ్బకి చెక్క మడమ జారి ముందుకు తూలింది. ఆరుగురూ చుట్టూ మూగి, గంతులేస్తూ, ఆమెని మధ్యలో పెట్టుకుని తీసుకుపోయారు.

కుర్రాళ్ల విందులో ముసుగులు తీసి తింటారు కదా. ఆ గదిలోకి వేరేవాళ్లు వెళ్లకూడదు. వాళ్లు ఏడు కంచాలూ పెట్టారు. ఏడో కంచం ముందు మీ అమ్మ కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పదు. "అది కుర్రాళ్ల సంగతి అత్తయ్యా" అంటుంది.

మొన్న ఫ్రాన్సు నుంచి కార్డు వచ్చింది. ఏదో ఆడపిల్ల పేరుతో సంతకం, అక్షరాలు మాత్రం బెల్మీరువి. చలిగా ఉందట, పని దొరికిందట. నీ గురించి ఒక మాట రాశాడు: "అన్నకి చెప్పండి, నన్నింత బాగా ఇంకెవరూ పలకరించలేదు."

ఇక జరగవలసినవి. జాగ్రత్తగా చదువు.

1. పదో తారీకు దాటాక మన ఇంటికి గార్డులు వస్తారు. తలుపు నేను తీస్తాను. సోదా చేసుకోనిస్తాను. బూట్లు మాత్రం బయట విప్పి రావాలి.

2. మీ కెప్టెన్ నిన్ను పిలిచి తమ్ముడేడని అడుగుతాడు. మాకు మాటల్లేవు, మీరూ టెలివిజన్లో చూశారుగా సార్ అను. దేశమంతా సాక్ష్యం.

3. కుస్తోదియు వాళ్లమ్మకి నువ్వు ఉత్తరం రాయి. నీ చేత్తో, పూర్తిగా. వాడు ఏం తిన్నాడు, ఎలా నవ్వాడు, ఎవరి పక్కన నడిచాడు. తపాలాలో వద్దు, సెలవుకి వచ్చేవాడి చేతికివ్వు. చదివి వినిపించేది నేనే, కాబట్టి అబద్ధం రాయకు.

4. అలీపియుని నీ పక్కన ఉంచుకో. వాడికి రాత్రిళ్లు భయం. ఎవరికీ చెప్పలేదు, వాళ్లమ్మ నాకు చెప్పింది.

5. సెప్టెంబరులో నువ్వు వస్తావు. వచ్చిన వారం తర్వాత మనం ముగ్గురం స్పెయిన్‌లో సంతకి వెళ్తాం. అక్కడికి ఇంకొకడు కూడా వస్తాడు.

6. ఈ ఉత్తరం కాల్చడం మర్చిపోకు.

7. వచ్చే డిసెంబరుకి ఊళ్లో ముసుగు కట్టడానికి మగపిల్లలు మిగలరు. ఆడవాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం. పండుగ ఆగదు. ఫాదరుగారు వద్దన్నారు, చెప్పాల్సింది ఆయనకి చెప్పాను. ఇప్పటికి పదకొండు మందిమి తేలాం. వేషాలు కుట్టడానికి జుల్మీరా నిన్న నా కొలతలు తీసుకుంది.

నానమ్మ
ఎతెల్వీనా